ముసురుపూట ఆయనకేం తొడగాలి

ఊరందరికీ కొలతలు తీసి బట్టలు కుట్టేదాన్ని. నా మొగుడికి మాత్రం చలికి, వానకి ఏం తొడగాలో తెలుసుకునేసరికి నాకు దేవుడు కనిపించాడు. ఈ మాట మా కాలనీలో ఇంకెవరైనా అంటే ఊరుకోను. నన్ను నేను అనుకుంటే తప్పేముంది?

మేముండేది మంచిర్యాల పక్కన బొగ్గుగనుల కాలనీలో. ఆయన గనిలో పని, నాది ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్. ఒక ఏడాది వానాకాలం మొదట్లో ఆయనకు ఛాతీలో నొప్పి వస్తే కరీంనగర్ తీసుకుపోయాం. స్టెంట్ వేశారు, ప్రాణం దక్కింది. కానీ ఆసుపత్రికి పోయిన మనిషి ఒకడు, ఇంటికి వచ్చిన మనిషి ఇంకొకడు. పొద్దంతా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తోటి పనివాళ్లు పలకరించడానికి వస్తే నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునేవాడు. గేటు దాటాలంటే భయం. రోడ్డు మీద పడిపోతే చూసేవాడెవడని ఆయన దిగులు. ముప్పై ఏళ్లు భూమి లోపలికి దిగి వచ్చిన మనిషి వీధిలోకి పోవడానికి భయపడ్డాడు.

రోజూ నడవమన్నాడు డాక్టరు. ఆయనకు మోకాళ్లు అరిగిపోయాయి, నడిస్తే వాస్తాయి. అయితే చదును రోడ్డు మీద మెల్లగా సైకిల్ తొక్కమన్నాడు, ఛాతీకి చలిగాలి తగలనీయొద్దని కూడా అన్నాడు. ఇంట్లో మా బిడ్డ సైకిల్ ఉంది. గులాబీ రంగు, ముందర బుట్ట. మా బిడ్డ అప్పటికే కరీంనగర్ హాస్టల్లో చదువుకుంటోంది.

"గీ ఆడోళ్ల సైకిల్ మీద నేనెట్ల పోవాలెనే? నలుగురు నవ్వరా?" అన్నాడు.

"నవ్వనీ. నవ్వెటోడు వచ్చి నీ గుండె మోస్తడా?" అన్నాను.

మొదటిరోజు మూలమీది కిరాణా దుకాణం దాకా పోయి వచ్చాడు. నేను వెనకాల నడిచాను. వారం పదిరోజులకు లక్సెట్టిపేట రోడ్డు ఎక్కాడు. ఒకనాడు తిరిగి వచ్చి, "ఏమన్న ఉన్నదా తినెటందుకు?" అని అడిగాడు. ఆయన నోరు తెరిచి తిండి అడిగి ఎన్నాళ్లయిందో! జొన్నరొట్టె చేతిలో పెట్టి, ఆ గులాబీ సైకిల్‌కు మనసులోనే దండం పెట్టుకున్నాను. మాత్రలు గుండెకే పనిచేస్తున్నాయి, మనిషికి మాత్రం ఈ సైకిలే మందు.

అందుకే చలి మొదలుకాగానే నాకు గుబులు పట్టుకుంది. మా వైపు చలి సంగతి తెలిసిందే, గోదావరి మీది మంచు వచ్చి పొలాల మీద కూర్చుంటే పొద్దెక్కేదాకా లేవదు. దానికి తోడు ఎక్కడో తుఫాను అంటారు, ఇక్కడ మూడ్రోజులు ముసురు పడుతుంది. చలి ఒక్కటే అయితే ఒక లెక్క, తడి ఒక్కటే అయితే ఒక లెక్క. రెండూ కలిస్తే ఆయన సైకిల్ మానేస్తాడు. మానేస్తే మళ్లీ ఆ గోడే. చలి కన్నా నాకు ఆ గోడంటేనే భయం.

ఇక మిషన్ ముందు కూర్చున్నాను. మాది సిరిసిల్ల, సాంచెల ఇల్లు. కరెంటు మగ్గాలను మా ఊళ్లో సాంచెలంటారు. మా బాపు జిందగీ అంతా వాటి మీద పాలిస్టర్ బట్ట నేశాడు గానీ, మమ్మల్ని ఒక్కనాడూ తొడుక్కోనివ్వలేదు. "గది అమ్మెటందుకు బిడ్డా, ఒంటికి నూలే మంచిది" అనేవాడు. అది నా నెత్తిలో శిలాశాసనం. కాబట్టి ఆయనకు లోపల నూలు బనీను. దాని మీద లోపలి వైపు నూగు ఉండే మందపాటి నూలు చొక్కా. దాని మీద ఉన్ని స్వెట్టర్. అన్నిటి మీదా వడ్ల కుప్పల మీద కప్పే నీలిరంగు కవరుతో నేనే కుట్టిన రెయిన్‌కోటు, మెడ దగ్గర, చేతుల దగ్గర ఇలాస్టిక్. చెవులకు మఫ్లర్. అన్నీ తొడిగి నిలబెడితే మనిషి పత్తి బస్తాలా ఉన్నాడు.

"ఏందే, నన్ను సైకిల్ తొక్కుమంటున్నవా, భైంసా పత్తి మార్కెట్ల అమ్ముతవా?" అన్నాడు. ఆయన పరాచికం ఆడినందుకే నాకు సంబరమైంది.

ముసురులో పోయినవాడు వణుక్కుంటూ వచ్చాడు. రెయిన్‌కోటు విప్పితే లోపల చొక్కా పిండితే నీళ్లు కారేట్టుంది. నా కుట్లలోంచి వాన కారిందనుకున్నాను. నా కుట్లలోంచి! పొద్దంతా కూర్చుని కుట్టు కుట్టుకూ కొవ్వొత్తి మైనం రాశాను. మెడ దగ్గర ఇంకా బిగించాను, చలి పెడుతోందన్నాడని ఇంకో స్వెట్టర్ కలిపాను. తెల్లారి ఇంకా ఎక్కువ తడిసి వచ్చాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని.

ఆయన్ని రెయిన్‌కోటుతో స్నానాలగదిలో నిలబెట్టి నెత్తిమీద నుంచి చెంబులతో నీళ్లు పోశాను. ఒక్క చుక్క లోపలికి పోలేదు.

"మరి ఎక్కడిదయ్యా గా తడి?"

"నాకేం తెలుసు? కుట్టింది నువ్వు."

ఆ రాత్రే జ్వరం. తర్వాత దగ్గు. దగ్గినప్పుడల్లా ఛాతీ మీద చెయ్యి వేసుకుని నా వైపు చూసేవాడు. మంచిర్యాల డాక్టరు గుండెకేమీ కాలేదు, ఉత్త జలుబే అన్నాడు. అయినా ఆయన వినలేదు. "నాకు గా సైకిల్ వద్దే. నన్ను గిట్ల ఉండనియ్యి" అని గోడ వైపు తిరిగాడు. నాకు దుఃఖం, కోపం ఒక్కసారే వచ్చాయి. కోపం దేని మీదో తెలియక రెయిన్‌కోటును విసిరి కొట్టాను.

ముసురు విడిచిన తర్వాత ఒకరోజు పొద్దున, వాన లేదు, నేల పొడిగా ఉంది. ఏం బుద్ధి పుట్టిందో, ఆయనవన్నీ నేనే తొడుక్కున్నాను. బనీను నుంచి మఫ్లర్ దాకా. సిరిసిల్లలో చిన్నప్పుడు తొక్కిన సైకిల్ కదా, ఒళ్లు మరిచిపోలేదు. రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. చూడనీ అనుకున్నాను. చెరువుకట్ట దాకా పోయి వచ్చేసరికి వీపు మీద చెమట ధార కడుతోంది. ఇంటికొచ్చి విప్పితే బనీను తడి, చొక్కా తడి, స్వెట్టర్ కూడా తడి. విప్పీ విప్పగానే ఆ తడి మీద చలిగాలి తగిలి పళ్లు టకటకలాడాయి. వాన లోపలికి రాలేదు. చెమటకు బయటికి పోయే దారి లేదు, అంతే. నేను మొగుడికి చలి ఆపలేదు, ఇడ్లీలు ఉడికించినట్టు ఆయన్ని ఉడికించి చలిలోకి పంపాను. తలుపు దగ్గర కూలబడి నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను కూడా.

మా కాలనీ గ్రౌండులో పోలీసు సెలక్షన్లకని పొద్దున్నే ఉరికే పిల్లలు ఉంటారు. వాళ్లు తొడుక్కునే టీషర్టులు పాలిస్టర్‌వి. చెమట పట్టినా గోడ మీద ఆరేస్తే చాయ తాగేలోపు ఆరిపోతాయి. నేను ఇన్నాళ్లూ మూతి ముడుచుకుని చూసినవే. అలాంటిదొకటి కొని ఒంటికి అంటుకునేలా పక్కలు లాగి కుట్టాను. అది చెమటను పట్టుకుని కూర్చోదు. దాని మీద చేతుల్లేని పలుచని ఉన్ని స్వెట్టర్, తడిసినా ఉన్ని వెచ్చగానే ఉంటుంది. దాని మీద పాత గొడుగుల బట్టతో ఒక కోటు, ముందర జిప్పు, చంకల కింద రెండు చీలికలు. ఆ చీలికల్లోంచి ఆవిరి పోతుంది. వాన గట్టిగా పడితేనే రెయిన్‌కోటు, దానికి కూడా బిగింపులన్నీ ఊడదీశాను. ఫోన్‌లో బాపుకు చెబితే పడీపడీ నవ్వాడు. "మొత్తానికి అల్లునికి పాలిస్టర్ తొడిగిచ్చినవు. ఇగ నేను నేసింది పనికొచ్చినట్టే" అన్నాడు.

బట్టలు తయారయ్యాయి గానీ తొడుక్కునే మనిషి లేవాలి కదా. రెండురోజులు బతిమాలాను, మూడోరోజు తిట్టాను. తిట్లకే లేచాడు. కోటు తొడుక్కుని గేటు దగ్గర నిలబడి, "చలి పెడుతున్నదే" అన్నాడు.

"పెట్టాలె. గేటు కాడ జర చలి పెట్టకుంటే ఎక్కువ తొడిగినట్టు. తొక్కు, అదే పోతది. ఉడుకుపోస్తే జిప్పు కిందికి గుంజు."

నన్ను నమ్మలేదని మొహంలోనే తెలిసింది. అయినా పోయాడు. తిరిగి వచ్చాక కోటులోపల చెయ్యి పెట్టి చూశాను. వీపు పొడిగా, వెచ్చగా ఉంది. జిప్పు సగానికి దింపి ఉంది. పోయి ముఖం కడుక్కున్నాడు. ఆ తర్వాత రోజూ నేను లేపడం, నేను తొడగడం, నేను గేటు తీయడం. నేను లేపకపోతే మాత్రం ఆయనకై ఆయన లేవలేదు. ఎన్నాళ్లిట్లా తోస్తూ ఉండాలని లోలోపల గుబులుగానే ఉండేది.

మళ్లీ ముసురు పట్టింది. కిటికీలోంచి చూసి, ఈ రోజుకు వద్దులే అని నేనే మళ్లీ ముసుగు తన్నాను. మెలకువ వచ్చేసరికి పక్కన మనిషి లేడు. వరండాలో సైకిల్ లేదు. కొక్కేలు చూస్తే టీషర్టు, కోటు, రెయిన్‌కోటు లేవు. స్వెట్టర్ మాత్రం అలాగే వేలాడుతోంది. అయ్యో, ఛాతీకి వెచ్చనిదేమీ లేకుండా పోయాడని స్వెట్టర్ పట్టుకుని చెప్పుల్లేకుండానే రోడ్డు మీద పరుగెత్తాను. చినుకులు ముఖం మీద కొడుతున్నాయి. లక్సెట్టిపేట రోడ్డు మలుపు దగ్గర ఎదురొచ్చాడు.

"చెప్పి పోవద్దా? నోరు పడిపోయిందా? స్వెట్టరు లేకుండ ఎట్ల పోయినవయ్యా?"

ఆయన మెల్లగా సైకిల్ దిగాడు. ఎగపోస్తున్నది నేనే, ఆయన కాదు.

"మబ్బు పట్టిననాడు చలి తక్కువుంటదే. గది గూడ తొడిగితే ఉడుకుత. చూసుకొనే ఇడిసిపెట్టిన" అన్నాడు. తర్వాత పొలాల వైపు, దిగువన పలుచబడుతున్న మబ్బు వైపు చూశాడు.

"రేపు ముసురు ఇడుస్తదట. చలి జోరుగుంటది. రేపు తొడుగుత తియ్యి."

ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాత ఆయన నోట రేపు అనే మాట నేను వినడం అదే మొదలు.