గంగమ్మకు వదిలే మొదటి చేప

మా నాయన మొగిలి, గోపన్‌పల్లి చెరువులో చేపలు పట్టి మమ్మల్ని పెంచాడు. వలలో పడ్డ మొదటి చేపకు పసుపు రాసి మళ్లీ నీళ్లలో వదిలేవాడు. అది గంగమ్మ వాటా.

చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక చెరువులో దయ్యం చేపలు కనిపించసాగాయి. అక్వేరియంలో పట్టనంత పెరిగితే ఫ్లాట్ల వాళ్లు తెచ్చి వదిలినవే అవి. ఒళ్లంతా ముళ్లతో వలలు చించేవి, మిగతా చేపల గుడ్లు తినేసేవి. వాటిని కొనేవాళ్లు లేరు. రవ్వ, బొచ్చె లాంటి అమ్ముడుపోయే చేపలు కంటికి కనబడకుండా పోయాయి.

ఆ రోజు వల లాగితే మొదట వచ్చింది దయ్యం చేపే. నాయన అలవాటుగా పసుపు పొట్లం విప్పాడు.

"దీన్ని గూడ ఇడుస్తవా? ఇది గంగమ్మనే మింగేటట్టుందయ్యా!" అంది అమ్మ, చిరిగిన వల ఎత్తి చూపిస్తూ.

"మొదటిది ఇడువకుంటె తల్లి ఊకుంటదా?"

"ఇడిస్తె గుడ్లు పెడ్తది. రేపు ఆమెకియ్యనీకి మంచి చేప ఏడికెల్లి తెస్తవు?"

నాయన పొట్లం పక్కన పెట్టాడు. ఆ చేపను రాయితో కొట్టి చంపి, గట్టు మీద గుంత తీసి పూడ్చాడు. ఉత్త పసుపే నీళ్లలో చల్లాడు.

"తల్లీ, ఇయ్యాల్టికి గింతే," అన్నాడు.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన వలలో మళ్లీ వదలదగ్గ చేప పడలేదు.

ఆయన పోయాక అమ్మ రోజూ సాయంత్రం ఆ గట్టు మీదే కూర్చుంటోంది. ఎవరైనా బకెట్‌తో చెరువు వైపు వస్తే చాలు, లేచి అడ్డం నిలబడుతుంది.

"ఏముంది బిడ్డా అండ్ల? జర చూపియ్యి."