అమావాస్య నాడు పట్టిన పాటలు

మా అన్న పాటలను ఖాళీ అన్నవాడి మీద నాకు ఇన్నేళ్లయినా కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. సిద్దిపేట బస్టాండు ఎదుట క్యాసెట్ల దుకాణం ఆయనది. ఇప్పుడు ఏ లోకంలో ఉన్నాడో గానీ, అక్కడా ఎవరి పాటలోనో వేలు పెడుతూనే ఉంటాడు.

అన్న నేతపనివాడు. మా గల్లీలో ఇంటింటికీ మగ్గమే. పాటలు తనే కట్టుకునేవాడు, మగ్గం గుంటలో కూర్చుని చీర నేస్తూ. ఒక ముక్క పాడి, నూలు నాడెను ఈ పక్క నుంచి ఆ పక్కకు విసిరి, దెబ్బ కొట్టి, అప్పుడు తర్వాతి ముక్క ఎత్తుకునేవాడు. మగ్గం దెబ్బ పడే ఆ జాగా ప్రతి పాటలోనూ ఉండేది. "అవ్వ కట్టిన సద్దిమూట" అని ఆగేవాడు. దబ్. "అరుగు మీదనే మరిసి వచ్చిన." పక్కన నూలు కండెలకు చుడుతూ ఆ పాట ఎన్నిసార్లు విన్నానో. అయినా ఆ దెబ్బ దగ్గర ప్రతిసారీ మూట ఏమైందోనని నా చెయ్యి ఆగిపోయేది.

ఎనభైల చివర్లో మగ్గాల మీద పని తగ్గింది. మా వాళ్లు ఒక్కొక్కరే పవర్‌లూముల పనికి భివండి బస్సు ఎక్కుతున్నారు. అన్నకూ తప్పలేదు. పోయేముందు ఆయనకున్నది ఒకటే కోరిక.

"నేను పోయినా నా పాటలు గీడ ఉండాలె చెల్లె. నేను పాడినవి పాడినట్టు."

మా ఇరుగింటి సాయిబు దుబాయి నుంచి టేపురికార్డరు తెచ్చుకున్నాడు. "ఎప్పుడంటే అప్పుడు పాడు భాయ్, నేను టేపుల పట్టుకుంట" అన్నాడు. కానీ గల్లీ నిండా మగ్గాల మోత. గొంతు ఎక్కడ వినపడుతుంది? అందుకని అమావాస్య దాకా ఆగాం. అమావాస్య నాడు మా నేతవాళ్లెవరూ మగ్గం ఎక్కరు. ఆ పొద్దున గల్లీ అంతా సద్దుమణిగింది. అవ్వ పప్పుకు పోపు కూడా పెట్టలేదు, చిటపటలు టేపులో పడతాయని.

అన్న గొంతు, చేతిలో ఏక్‌తార. ఇంకేమీ లేదు. ముక్క అయిపోగానే తీగ మీద వేలు ఆపేవాడు. మగ్గం ఆగి ఉన్నా, దెబ్బకు విడిచే జాగా విడిచే పాడాడు.

"మగ్గమే లేనప్పుడు ఎందుకు ఆగుతున్నవన్నా?" అని అడిగాను.

"వినేటోనికి గూడ కూసునేందుకు జరంత జాగ ఉండాలె గద" అన్నాడు. "అయినా నోరు మూసుకో. నీ మాటలు పడ్డయంటే క్యాసెట్టు ఎవ్వడు కొనడు."

నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ క్యాసెట్టును అన్న తన చేత్తో దుకాణాయనకు ఇచ్చాడు. కాపీలు తీసి అమ్ముతానని ఆయన మాటిచ్చాడు. అన్న నిమ్మళంగా భివండి పోయాడు.

కొన్నాళ్లకు నేను బస్టాండు వైపు వెళ్తుంటే మా అన్న గొంతు వినపడింది. దాని మీద టింగుటింగుమని క్యాసియో, ఢంఢంమని డ్రమ్ము. సద్దిమూట, అరుగు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. ఆగే చోట ఆగడమే లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దుకాణంలోకి పోయి నిలబడ్డాను.

"ఏం జేసినవ్ మా అన్న పాటలను?"

"మంచిగ జేసిన అమ్మా. మస్తు ఖాళీగ ఉండె. నడుమ నడుమ ఆగుతుంటే టేపు ఖరాబైందనుకుంటరు జనం. హైదరాబాదు తీస్కపోయి గా ఖాళీలన్ని తీసేయించిన. కింద మ్యూజిక్ ఏయించిన. ఎట్ల పోతున్నదో చూడు."

"మా అన్న ఇచ్చిన క్యాసెట్టు ఇటియ్యి."

"గా క్యాసెట్టా? దాని మీద వేరే పాటలు ఎక్కిచ్చిన. మంచి క్యాసెట్టు, ఊకె పడేస్తమా?"

నవ్వుతూ చెప్పాడు. నేను ఎత్తుకున్న తిట్లకు దుకాణం ముందు జనం పోగయ్యారు. ఆయన చెయ్యి విరగాలని, నోట మన్ను పడాలని తిట్టాను. ఆయన టేపు సౌండు పెంచాడు.

అన్నిటికంటే కడుపు మండే సంగతి, ఆ క్యాసెట్టు అమ్ముడుపోయింది. హోటళ్లలో అదే, ఆటోల్లో అదే. "మీ అన్న పాట జోరుగున్నదే" అని మా గల్లీవాళ్లే నన్ను ఆపి చెప్పేవారు. పక్క మగ్గాల మీద దెబ్బ కొడుతూ రోజూ ఆ జాగాలు విన్నవాళ్లే వాళ్లు. "ఊకో బిడ్డా, పేరైతే వచ్చింది గద" అంది అవ్వ. నేను ఊరుకోలేదు. అన్న వస్తాడు, మళ్లీ పాడిస్తాను, మళ్లీ టేపులో పట్టుకుంటాను అనుకున్నాను.

మరుసటేడు పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు అన్న వచ్చాడు. అదీ అమావాస్యే. గల్లీలో మగ్గాలు ఆగాయి. సాయిబు ఇంటి నుంచి టేపురికార్డరు తెచ్చాను, కొత్త క్యాసెట్టు పెట్టాను. పోపు పెట్టొద్దని అవ్వకు నేనే చెప్పాను. అన్న గొంతు సవరించుకున్నాడు.

"అవ్వ కట్టిన సద్దిమూట అరుగు మీదనే మరిసి వచ్చిన."

ఒక్క ఊపిరిలో పాడేశాడు. నేను బటను నొక్కి ఆపాను.

"ఆగుతలేవేందన్నా? ఆ దరిద్రపు క్యాసెట్టు విని నేర్చుకున్నవా?"

"ఏ క్యాసెట్టు? నేనింక విననేలేదు" అన్నాడు. ఏక్‌తార ఒడిలో పెట్టుకున్నాడు. "ఆగకుంట పాడిన్నా? ఆడ పవర్‌లూములు ఆగయి చెల్లె. వాటి నడుమ పాడి పాడి గట్లయింది గావచ్చు."

"నేను కొడ్త, నువ్వు పాడు" అని మగ్గం దెబ్బలాగా నేల మీద అరచేత్తో కొట్టడానికి సిద్ధంగా కూర్చున్నాను. అన్న కళ్లు మూసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. సద్దిమూట దగ్గర ఆగాలని చూశాడు, మెడ నరాలు ఉబ్బాయి. నా చెయ్యి నేలను తాకేసరికి గొంతు అరుగు దాటిపోయింది. మళ్లీ పాడాడు. మళ్లీ అంతే. చివరికి ఏక్‌తార గోడకు ఆనించి, "వస్తలేదే" అన్నాడు.

ఆ రోజు తిట్టడానికి నాకు మనిషి దొరకలేదు. అందుకే ఇప్పటికీ ఆ దుకాణాయననే తిడుతున్నాను.