అక్క తీసేసిన రెండు లైన్లు

అక్క పోయిందని గిద్దలూరు నుంచి ఆమె తమ్ముడు ఫోను చేసిన పొద్దున, నేను మార్కాపురంలో మా ఆఫీసులో ఆమె పేజీనే తెరిచి కూర్చున్నాను. రాత్రి కాపీలన్నీ సరిగ్గా వచ్చాయో లేదో చూస్తున్నాను.  ఫోను పెట్టేశాక మిగిలిన కాపీలు కూడా చూసి, అప్పుడే లేచాను. సగంలో వదిలి లేస్తే ఆమె ఊరుకునేది కాదు.

మాది పల్లెలకు ఇంటర్నెట్టు ఇచ్చే చిన్న ఆఫీసు. తర్లుపాడు, దొనకొండ, కనిగిరి వైపు మేడల మీదా అంగళ్ల పైనా మా నెట్టు పెట్టెలుంటాయి. నెట్టు ఏ ఊరికి ఏ దారిన పోవాలో ప్రతి పెట్టెలోనూ కొన్ని లైన్లు రాసి పెట్టాలి. పిడుగు పడి పెట్టె కాలిపోతే కొత్తది కొనుక్కోవచ్చు గానీ, అందులో ఏం రాసి ఉండేదో ఎవరికీ గుర్తుండదు. అక్క వచ్చాకే ఆ బాధ తీరింది. ఆమె పెట్టిన ప్రోగ్రాము రోజూ రాత్రి ఒక్కో పెట్టెలోకీ వెళ్లి ఆ లైన్లన్నీ కాపీ తెచ్చుకుంటుంది. పొద్దున బ్రౌజరు తెరిస్తే అన్నీ ఒకే పేజీలో కనిపిస్తాయి. రెండు రోజుల కాపీలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పోయిన లైను ఎర్రగా, కొత్తగా చేరింది పచ్చగా కనిపిస్తుంది.

ఆమె ఆఫీసులో అందరికీ అక్కే. ఓనరుకు కూడా. పొద్దున రాగానే చిన్న బ్రష్షుతో కీబోర్డు దులిపేది, జీలకర్ర నీళ్ల సీసా కుడిచేతి పక్కన పెట్టుకునేది. నేను చేరిన కొత్తలో ఏదైనా పనిచేయకపోతే మిషన్ను తిట్టేదాన్ని. "దాన్నెందుకు తిడతావు పాపా, నిన్న మనమేం చేసినామో ముందు చూడు" అనేది. ఆ మాట ఎంత బరువైనదో నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు మధ్యాహ్నం కనిగిరి వైపు ఊళ్లన్నిటికీ ఒక్కసారిగా నెట్టు పోయింది. డిగ్రీ సీట్లకు ఆప్షన్లు పెట్టుకోవడానికి అదే ఆఖరి రోజు. నెట్ సెంటర్ల ముందు పిల్లలు నిలబడి ఉన్నారని ఫోన్ల మీద ఫోన్లు. ఆ సమయంలో మా లైన్‌మన్ అక్కడే మెయిన్ వైరుకు జాయింటు వేస్తున్నాడు. యాభై దాటిన మనిషి, తర్లుపాడు దగ్గరి పల్లె, మేమంతా మామా అని పిలుస్తాం. జాయింటు కోసం మెయిన్ వైరు తీస్తే నెట్టు దానంతటదే వేరే వైరు మీదుగా రెండో దారిన నడవాలి. ఆ రోజు నడవలేదు. అక్క రెండు రోజుల కిందటి కాపీని పేజీలోంచి తీసి కనిగిరి పెట్టెలోకి ఎక్కించింది. గంటలోపే నెట్టు వచ్చింది, పిల్లల పని అయిపోయింది. కానీ నెట్టు ఎందుకు పోయిందో చూడకుండానే, మామ తప్పు వైరు పీకాడని ఓనరు నమ్మేశాడు. సాయంత్రానికల్లా ఆయన్ని రేపటి నుంచి రావద్దన్నాడు.  మామ నిచ్చెన గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

మూడో రోజు పని తెమిలాక అక్క ఆ పాత కాపీనీ, దాని తర్వాతి రాత్రి కాపీనీ పక్కపక్కన పెట్టి చూసింది. ఎర్రగా ఉన్నవాటి మధ్య రెండు లైన్లు. రెండో దారి లైన్లు అవే. మామ పనికి ముందు రోజు మూతపడిన ఒక అంగడి సెట్టింగులు తీసేస్తూ, వాటితో పాటు వీటినీ తీసేసింది అక్క. పక్కన ఆమె లాగిన్ పేరే ఉంది.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. అప్పుడు నేనన్న మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అయినా రాయాలి. "ఈ పేజీ మనం తప్ప ఎవరూ చూడరు గదక్కా, ఆ కాపీలు తీసేద్దాం" అన్నాను.

ఆమెకు కోపం రాలేదు.  "నాకు తెలిసిపోయింది గదా పాపా" అంది. అంతే. ప్రింటు తీసుకుని ఓనరు గదిలోకి వెళ్లింది.

ఓనరు చదివి, అయిందేదో అయిపోయింది, ఇప్పుడాయన్ని పిలిస్తే మనకే చులకన అన్నాడట. అయితే నేనే పోయి పిలుస్తానని చెప్పి అక్క బయటికొచ్చింది. మర్నాడు ఇద్దరం ఆటోలో వాళ్ల పల్లెకు వెళ్లాం. మామ బీడులో తన అన్న గొర్రెల వెంట ఉన్నాడు. మమ్మల్ని చూసి కూడా దగ్గరికి రాలేదు. అక్కే ఆ ఎండలో రాళ్ల మీద నడిచి వెళ్లి, తప్పు తనదని చెప్పింది.

ఆయన గొర్రెల వైపే చూస్తూ అన్నాడు. "మూడు దినాలుగా ఊర్లో తలెత్తుకోలేదమ్మా. ఏ వైరు పీకాల్నో తెలీనోడని నవ్వినారు."

"ఏమన్నా అను మామా, పడతాను. పనికి మాత్రం రా."

 ఆయన గొర్రెలను తోలుకుని ముందుకు నడిచాడు. తిరుగు ఆటోలో అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఓనరు ముందు తొణకని మనిషి అలా ఏడవడం నేను చూడలేకపోయాను.

మామ వారం తర్వాత వచ్చాడు, ఓనరు అడ్డు చెప్పలేదు. నెల పైన అక్కతో ముక్తసరిగానే మాట్లాడాడు. ఆమె తొందరపెట్టలేదు. ఆ తర్వాత ఏ పెట్టెలో ఎవరేం మార్చినా ముందు కాపీ తీసి, ఎందుకు మార్చారో ఆ పేజీలో తెలుగులో రాయాలని నియమం పెట్టింది. మొదటి పేరు తనదే రాసుకుంది: "నేను తీసేసిన రెండు లైన్లు మళ్లీ పెట్టాను. తప్పు నాది." ఒకరోజు మామే వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడి, అదెట్ల చూడాలో నాకూ చెప్పమ్మా అన్నాడు. ఇక అప్పటి నుంచి ఏ స్తంభం మీద పని ఉన్నా ముందు ఫోను చేసేవాడు. కాపీని ఆయన ఫొటో అనేవాడు. "అమ్మా, పెట్టె ముట్టుకుంటాండా, ఫొటో తీసినావా?"

చివరి రెండేళ్లు ఆమెకు మూత్రపిండాలు పనిచేయలేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక చేతికి సూదులుంటే, రెండో చేత్తో ఫోనులో ఆ పేజీ తెరిచి, దొనకొండ కాపీ రాలేదు చూడు అని నాకు చెప్పేది. విశ్రాంతి తీసుకోమంటే, ఇక్కడ పడుకుని చేసేదేముంది అనేది. బాగా నీరసించాక గిద్దలూరులో పుట్టింటికి వెళ్లింది. మళ్లీ రాలేదు.

పెద్దకర్మ రోజు మేమంతా వెళ్లాం. షామియానా వేసేవాళ్లు ఆ వీధి కేబులు తెంపేశారు. అది మా లైను కాదు, ఎవరూ మామను అడగనూ లేదు. భోజనాలకు ముందే ఎవరి ఇంట్లోనో నిచ్చెన అడిగి తెచ్చుకుని స్తంభం ఎక్కాడు. వైరు కలిపాడు. ఎదురింట్లో టీవీ మోగి, వెంటనే ఎవరో కట్టేశారు. పని అయిపోయినా ఆయన దిగలేదు. ఒక చేత్తో స్తంభాన్ని చుట్టుకుని, అక్క ఇంటి వాకిట్లో పరుస్తున్న విస్తరాకుల వైపు చూస్తూ అక్కడే ఉండిపోయాడు. కింద నిచ్చెన పట్టుకుని నేను నిలబడ్డాను. దిగమని పిలవలేదు.