భీంరావు ఒప్పుకోని లెక్క

మిషిన్ చెప్పిన మాటకు "సరే" అనకూడదన్నది భీంరావు వ్రతం. అది కాలిక్యులేటర్ కావచ్చు, కిరాణా కొట్టు కాటా కావచ్చు, గోడ గడియారం కావచ్చు. ఏదైనా ఒక అంకె చూపించిందంటే చాలు, ఆయన దాన్ని ఎగాదిగా చూసి, "గిది చెప్తే నమ్ముమంటవా?" అని పక్కవాణ్ని అడుగుతాడు. ఆ పక్కవాడు రోజులో ఎక్కువసేపు నగేశ్ కావడం నగేశ్ ఖర్మ.

బాన్సువాడ బస్టాండ్ ఎదురుగా నగేశ్‌కు జిరాక్స్ దుకాణం ఉంది. శుభలేఖలు అచ్చేస్తాడు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతాడు. సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు గొలుసు పట్టి పొలాలు కొలిచి రిటైరైన భీంరావు, పొద్దున పదింటికి వచ్చి ఆ దుకాణం ముందు బెంచీ ఎక్కాడంటే, అన్నానికి ఇంటి నుంచి ఎవరైనా వచ్చి పిలిస్తే గాని దిగడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పాత కాలిక్యులేటర్ ఉంటుంది. నమ్మనివాడికి అది ఎందుకని నగేశ్ ఒకసారి అడిగాడు.

"దొంగ జేబుల ఉంటే ఏం చేస్తుండో కనిపిస్తది. బయట తిరిగితే ఏం ఎరుక?" అన్నాడు భీంరావు.

ఒకనాడు పొద్దున్నే బేరం మొదలుకాకముందే, "నగేశ్, నీ ఫోన్ తియ్. రెండు ప్లస్ మూడు ఇంటూ నాలుగు. కొట్టు" అన్నాడు. నగేశ్ కొట్టాడు. పద్నాలుగు వచ్చింది. భీంరావు తన డబ్బాలో అవే మీటలు అదే వరసలో నొక్కి చూపించాడు. ఇరవై.

"నాది ఇరవై అంటది, నీది పద్నాలుగంటది. రెండూ మిషిన్లే. ఇగ చెప్పు, ఎవల్ని నమ్ముమంటవు?"

"కాకా, నా ఫోన్ ముందుగాల గుణిస్తది, తర్వాత కూడుతది. నీ డబ్బా ఏది ముందు నొక్కితే అది చేస్తది. గంతే."

"అంటే తప్పు నొక్కెటోనిదా?"

"తప్పు ఎవలది కాదు కాకా."

"తప్పు ఎవలది కాకుంటే, నడుమ ఆరు ఎటు వోయింది?"

భీంరావు "ఆరు, ఆరు" అని అరుస్తుంటే పక్కన చాయ్ బండి హీరాబాయి ఆరు చాయ్‌లు తెచ్చి బెంచీ మీద పెట్టింది. ఆ గందరగోళంలో నగేశ్ ఒకాయన ఆధార్ కార్డుకు రెండువైపులా ముందు భాగమే జిరాక్స్ తీసి ఇచ్చాడు. సాయంత్రం ఆయన తిరిగొచ్చి తిట్టిన తిట్లు నగేశ్‌కు ఇప్పటికీ గుర్తే.

ఇక సర్కారు సంగతికి వస్తే భీంరావు ఏ పక్షమో తేల్చడం ఎవరి తరమూ కాలేదు. ఒకసారి రేషన్ షాపులో మిషిన్ ఆయన వేలిముద్రను గుర్తుపట్టలేదు. "నా వేలు నాది కాదంట. ఎవలదో వాడొచ్చి తీస్కపోనియ్" అని అక్కడే కూర్చున్నాడు. చివరికి కంటిపాపను చూసే మిషిన్ తెచ్చి పెడితే అది పచ్చదీపం వెలిగించింది. బియ్యం తీసుకుని పోవచ్చు కదా! "నేను నేనేనని గిది చెప్తే నమ్ముమంటవా?" అని డీలర్‌తో ఇంకో అరగంట వాదించాడు. సర్కారు ఆన్‌లైన్‌లో పెట్టిందంతా నిజమేనని ఎవరైనా అంటే మీద పడిపోయేవాడు. సర్కారును అసలు నమ్మొద్దని ఎవరైనా అంటే, "ముప్పై యేండ్లు సర్కారు గొలుసు పట్టిన. నన్నే నమ్మవా?" అని అంతకన్నా గట్టిగా పడేవాడు.

ఇదంతా బెంచీ మీద జరిగినంత కాలం నగేశ్ ఎలాగో భరించాడు. కొడుకు కొనిచ్చిన కొత్త ఫోను పట్టుకుని వచ్చి, "మన బాన్సువాడ" వాట్సాప్ గ్రూపులో తనను చేర్చమని భీంరావు అడిగినప్పుడు, ఆ గ్రూపు అడ్మిన్‌గా కాదనలేకపోయాడు. అది నగేశ్ చేసుకున్న రెండో ఖర్మ. కరెంటు ఎప్పుడొస్తుంది, నిజాంసాగర్ కాలువకు నీళ్లెప్పుడు వదులుతారు అని మాట్లాడుకునే నాలుగు వందల మంది, ఆ మర్నాటి నుంచి "ఆరు ఎటు వోయింది" అని కొట్టుకోవడం మొదలుపెట్టారు.

అలాంటి రోజుల్లోనే బీర్కూర్ నుంచి లత వచ్చింది. కొత్త ఇంటి గృహప్రవేశానికి కార్డులు అచ్చేయించాలి. నమూనా కార్డులు చూస్తూ చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"ఏమైందక్కా?" అన్నాడు నగేశ్.

"తమ్ముడు రానంటుండు అన్నా. ఎందుకో చెప్పడు. ఫోన్ ఎత్తుతలేడు. బాపు పోయినంక పుట్టిల్లంటే నాకు వాడే. వాడు రాకుంటే నాకు ఒడిబియ్యం ఎవలు పోస్తరు?"

ఆడబిడ్డ కొత్త ఇంట్లో అడుగుపెట్టే రోజున పుట్టింటివాళ్లు వచ్చి ఆమె ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోయకపోతే, ఇల్లు ఎంత బాగున్నా ఆ లోటు లోటే. నగేశ్‌కు మనసు కలుక్కుమంది. ఏదో ఒక ఓదార్పు మాట అనబోయేంతలో బెంచీ మీద నుంచి భీంరావు తల ఎత్తి, "కార్డులు ఎన్ని గావాల్నో మిషిన్ మీద లెక్క చేసినవా బిడ్డా? నమ్మకు" అన్నాడు. లతకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నగేశ్‌కు మాత్రం ఆ ముసలాయన నెత్తిన జిరాక్స్ మిషిన్ ఎత్తేయాలనిపించింది.

రెండు రోజుల తర్వాత ఆ తమ్ముడే వచ్చాడు. పేరు భూమేశ్. చిన్నప్పటి నుంచి హాస్టళ్లలో చదివి, ఇప్పుడు కామారెడ్డిలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు పని చేస్తున్నాడు. చనిపోయిన తండ్రి పాత పాసు పుస్తకం, తన పేరున వచ్చిన కొత్త పాసు పుస్తకం, రెండూ జిరాక్స్‌కు ఇచ్చాడు. మిషిన్ తిరుగుతున్నంతసేపూ ఫోనులో ఏదో కొట్టడం, చూడడం, మళ్లీ కొట్టడం. మొహం కందగడ్డలా ఉంది. భీంరావు మెడ సారసపక్షిలా చాచి అతని భుజం మీదుగా తొంగి చూశాడు.

"కాకా, మందివి చూడకు!" అని కసిరాడు నగేశ్.

"గీ కాయిదాలు ఎందుకు బిడ్డా?" అన్నాడు భీంరావు, సిగ్గు లేకుండా.

"వకీలుకు ఇయ్యనీకి" అని చెప్పి భూమేశ్ విసవిసా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం గ్రూపులో భీంరావు పేరు మీద ఒక ప్రశ్న పడింది: "3.10 ని రెండుతోని భాగిస్తే ఎంత? మిషిన్ 1.55 అంటది. తప్పు. నమ్ముమంటరా?"

గ్రూపు గుప్పుమంది. ఒక మాస్టారు నల్లబల్ల మీద చేసి ఫోటో పెట్టాడు. ఒకాయన నాలుగు రకాల కాలిక్యులేటర్లలో కొట్టి నాలుగు ఫోటోలు పెట్టాడు. అన్నింట్లోనూ ఒకటే జవాబు. అందరికన్నా ఎక్కువ కోపం ఆ గ్రూపులోనే ఉన్న భూమేశ్‌కు వచ్చింది.

"కాకా, 1.55 రైటే. ఐదో తరగతి పిల్లగాడు గూడ చెప్తడు."

"తప్పు."

"మరి ఎంతనో నువ్వే చెప్పు."

"నాకు తెల్వది. గని 1.55 మాత్రం తప్పు."

జవాబు తెలియకుండా తప్పని చెప్పే మనిషితో ఎవరు మాత్రం ఎలా వేగుతారు! రెండో రోజుకు వాదం సర్కారు మీదికి మళ్లింది. కాలిక్యులేటరే తప్పయితే ఆన్‌లైన్ రికార్డులన్నీ తప్పేనా అని ఒకరు. అవి ఎప్పుడు రైటు గనుక అని ఇంకొకరు. భీంరావు ఇద్దరితోనూ పోట్లాడాడు. అప్పుడు భూమేశ్ ఇలా రాశాడు: "కాయిదాలల్ల మోసం జరుగుతది. సొంతోళ్లే చేస్తరు. మిషిన్‌కు సొంతోళ్లు, పరాయోళ్లు లేరు. నేను మిషిన్‌నే నమ్ముత." ఆ ముక్క కూడా మిగతా మూడు వందల మెసేజీల కింద పడి కొట్టుకుపోయింది.

మూడో రోజుకు ఇరవై ముగ్గురు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. "ఆయనను తీసేస్తవా, మేము పోవాల్నా" అని మిగతావాళ్లు నగేశ్ ప్రాణం తీస్తున్నారు. నగేశ్ భీంరావుకు ఫోన్ చేశాడు.

"కాకా, నీ కాళ్లు మొక్కుత, ఇగ బంద్ చెయ్."

"గృహప్రవేశం ఎన్నడు?" అన్నాడు భీంరావు.

"ఎవలది?"

"గదే, నువ్వు కార్డులు కొట్టినవ్ గద."

"లతక్కదా? ఎల్లుండి. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"అయితే ఇంకా ఒక దినం ఉన్నది" అని భీంరావు ఫోన్ పెట్టేశాడు.

నగేశ్‌కు ఏమీ అర్థం కాలేదు. అసలు ఈ మూడు రోజుల్లో అతనికి అర్థమైనదంటూ ఏదీ లేదు. ఎందుకైనా మంచిదని తన ఫోనులో కూడా ఇంకోసారి కొట్టి చూసుకున్నాడు. 1.55. ఇక లాభం లేదని గ్రూపు తెరిచి, భీంరావు పేరు మీద వేలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఆయన కొత్త మెసేజీ పడింది: "కుర్చీల కూసోని కాదు. కాలువ కింద పొలం గట్టు మీద నిలవడి భాగించుండ్రి. మిషిన్ తప్పు సమజైతది."

రెండు నిమిషాల్లో రత్తయ్య వాయిస్ మెసేజీ వచ్చింది. రత్తయ్య తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి బీర్కూర్ కాలువ కింద వరి వేసుకుని స్థిరపడ్డారు. ఇక్కడే పుట్టినా ఆయన ఇంటి యాస మాత్రం అలాగే ఉంది.

"ఏవండీ భీంరావు గారూ, ఇది పొలం లెక్కా? ఆ ముక్క మొదటే ఏడవచ్చు కదండీ! మా పాత ఊళ్లో ఎకరానికి వంద సెంట్లండి. అక్కడైతే మిషిన్ చెప్పిందే కరెక్టు. ఇక్కడ పాసు పుస్తకంలో చుక్క తర్వాత రాసేవి గుంటలండీ, ఎకరానికి నలభై. మూడెకరాల పది గుంటలంటే మొత్తం నూట ముప్పై గుంటలు. అందులో సగం అరవై ఐదు. అంటే ఎకరం పాతిక గుంటలు. వన్ పాయింట్ టూ ఫైవ్ అని రాస్తారు. మా తాత వచ్చిన కొత్తలో ఇదే పొరపాటు చేసి, ముప్పై గుంటలు పోయాయని సొంత తమ్ముడితో ఆర్నెల్లు మాట్లాడలేదంట!"

రెండు జవాబులూ రైటేనా, అయితే మూడు రోజులు ఎందుకు కొట్టుకున్నాం అని అందరూ తలలు పట్టుకున్నారు. అప్పుడు భీంరావు రాశాడు: "గట్లనా! ఎకరానికి నలభై గుంటలా! నాకు ఇయ్యాల్నే ఎరుకైంది."

ఇక నవ్వులే నవ్వులు. "ముప్పై యేండ్లు ఏం కొలిచినవ్ కాకా?" అని ఒకరు. "గీయన కొలిచిన పొలాలన్నీ మళ్ల కొలిపియ్యాలె" అని ఒకరు. నవ్వే బొమ్మలతో నగేశ్ ఫోన్ వేడెక్కింది.

నగేశ్ కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. బీర్కూర్ నుంచి పెద్ద కొడప్‌గల్ దాకా గట్టు గట్టూ కొలిచిన మనిషికి ఎకరానికి ఎన్ని గుంటలో తెలియకపోవడమేమిటి?

మర్నాడు పొద్దున భీంరావు బెంచీ ఎక్కగానే పట్టుకున్నాడు. "కాకా, నిజం చెప్పు. నీకు ముందే ఎరుక."

భీంరావు అటూ ఇటూ చూశాడు. "లత తమ్ముడు, ఆ పోరడు, మొన్న ఇక్కడ నిలవడి తండ్రి పొలం మూడు పాయింట్ పదిని అక్కకు సగం, తనకు సగమని రెండుతోని భాగిస్తుండె. ఒకటి పాయింట్ యాబై ఐదు వచ్చింది. చేతుల ఉన్న పుస్తకంల ఒకటి పాయింట్ ఇరవై ఐదే. ముప్పై గుంటలు అక్క మింగిందనుకున్నడు. మంచిగనే పంచిండ్రు, తక్కువ గాలె."

"గప్పుడే చెప్తే అయిపోవు గద!"

"ఎట్ల చెప్పుమంటవ్? నీకు లెక్క రాదు, నువ్వు అక్కను దొంగ అనుకున్నవ్ అని మొకం మీద అంటే, లెక్క నేర్చుకుంటడు గని సిగ్గుతోని అక్క గడప తొక్కుతడా? లెక్క రానోన్ని నేనే అయితే వానికేం ఫికర్ లేదు. నన్నంటే నాకేం పోతది? నన్ను పిచ్చోడనుడు కొత్తనా?"

నగేశ్ గ్రూపులోంచి తీసేయబోయిన ఆ వేలితోనే హీరాబాయిని పిలిచి రెండు చాయ్‌లు చెప్పాడు.

గృహప్రవేశం రోజున భూమేశ్ అందరికన్నా ముందు వచ్చాడు. భార్య చేతిలో చీర, తన చేతిలో పసుపు బియ్యం గిన్నె. ఒడిలో బియ్యం పోస్తుంటే లత ఏడుస్తూ నవ్వింది. "అడగొద్దులే అనుకున్న గని, ఇన్ని దినాలు ఎందుకు అలిగినవ్ రా?" అని అడిగింది. "ఆఫీసుల పని ఎక్కువుండె అక్కా" అన్నాడు భూమేశ్. ఆమె ఇంకేమీ అడగలేదు.

భోజనాల దగ్గర భూమేశ్ పనిగట్టుకుని వచ్చి భీంరావు పక్కన కూర్చున్నాడు. ఎదురుగా నగేశ్.

"కాకా, గ్రూపుల అందరు నవ్విన్రని మనసుల పెట్టుకోకు. నేను సమజు చేస్త, విను" అని ఒక కాగితం తీసి, గీతలు గీసి, ఎకరాన్ని నలభై ముక్కలు చేసి చూపించడం మొదలుపెట్టాడు. ఎంత ఓపిక! చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెబుతున్నాడు.

"నలభయ్యే? యాబై కాదా?" అన్నాడు భీంరావు, నోరు తెరిచి.

"కాదు కాకా, నలభై. మళ్ల చెప్త, మంచిగ చూడు."

భీంరావు బుద్ధిగా తల ఊపి, వేళ్లు మడిచి లెక్కపెట్టి, కావాలనే తప్పు చెప్పాడు. భూమేశ్ నవ్వి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఇక ఆగలేక నగేశ్ నోరు తెరవబోయాడు. బల్ల కింద భీంరావు అతని కాలు గట్టిగా తొక్కి, "జర నువ్వు గూడ నేర్చుకో నగేశ్, పనికొస్తది" అన్నాడు.