బల్లకట్టు దిగి ముందు గేటుకి

హోటలు వాచ్‌మన్ గారి కళ్లకు జరిగిన అన్యాయానికి యావత్ గుంటూరు జిల్లా తరఫున క్షమాపణ కోరుతున్నాను.

రాత్రి నా బస్సు కృష్ణ అవతలి ఒడ్డుకు చేరేసరికి రెండయింది. గది బుక్ చేసుకున్న హోటలేమో ఇవతల, తుళ్లూరు వైపు. రేవులోనే జాగారం చేసి, తెల్లవారగానే మొదటి బల్లకట్టులో మిరపకోతల కూలీలతో కలిసి దాటాను. చోటు లేక వాళ్ల ఖాళీ మిరప గోతాల మీదే నడుం వాల్చాను. దారి ఒకటే కాబట్టి హోటలు దాకా కలిసే నడిచాం.

వాచ్‌మన్ ఎర్రబడ్డ నా చొక్కా చూసి అడ్డం నిలబడ్డాడు. "కూలోళ్లు వెనక గేటుకెళ్లాలి."

నేను ఫోన్‌లో బుకింగ్ వెతుకుతుండగానే ముఠా మేస్త్రి మరియమ్మ గారు అందుకున్నారు. "ఏరా, కూలోళ్లు నడిస్తే ముందు గేటు అరిగిపోద్దా?"

వెళ్తే ముందు గేటులోంచే వెళ్లాలని అప్పుడే తీర్మానించుకున్నాను. వెళ్లాను కూడా. గేటు అరగలేదు.

మీ ఊళ్లోనూ ఇలాంటి గేటుంటే చెప్పండి, ఇదే చొక్కాతో వస్తాను.

నిజానికి పోరాటమంతా మరియమ్మ గారిదే. నేను చేసింది ఒక్కటే: గాలి వాచ్‌మన్ వైపు వీస్తోందని చూసుకుని మరీ, చొక్కా దులుపుకున్నాను.