దేవుడి తట్టలో తోమిన బిళ్ళ

"తోమితివా? దాన్ని కూడా తోమితివా అవ్వా?"

"తోమకుంటే? బేస్తవారం పూజ సామాన్లన్నీ తోముతా గదా. దేవుని తట్టలో మసకగా ఉండె, చింతపండు, ఇటుకపొడి వేసి తోమినా. ఎట్ల మెరుస్తాండాదో చూడు."

"మెరిసేది ఎవరికి కావాల? ఆ పైపొరే నా రెండేండ్ల పని!"

మా హిందూపురం ఇంట్లో, వంటింటి గడప మీద నా మనవరాలు తల పట్టుకుని కూలబడింది. ఆమె లోహాల మీద పరిశోధన చేస్తుంది. ఐదు లోహాలు కలిపి చేసిన నాలుగు బిళ్ళలను, ఒక్కొక్కటి గోరంత, వేరే ఊళ్ళో కొలిమిలో కాల్చడానికి తీసుకుపోతూ ఒక్క రోజుకు మా ఇంట్లో దిగింది. ఒకదాన్ని దేవుడి ముందు పెట్టమన్నది నేనే.

"గోరంత రేకుకు ఇంత గొడవా?" అన్నాను.

"ధర్మవరంలో మగ్గం మీద పడుగు చూసినావు గదా. లోహం లోపల పరమాణువులు ఆ పోగుల మాదిరి వరసగా ఉంటాయి. రేడియేషన్ తగిలితే కొన్ని తావు తప్పుతాయి. లోహం గట్టిపడతాది, కానీ పెళుసవుతాది. కాలిస్తే కొన్ని మళ్ళా తావుకు చేరతాయి. ఎంత వేడికి ఎంత మానుతాదో చూడాల. ఈ బిళ్ళకు ఆ దెబ్బ కావాలనే తగిలించినా, అదీ పైపైనే, వెంట్రుక మందం కూడా లేదు. నువ్వు దాన్నే తోమేస్తివి."

మూడో తరగతిలో బడి మాన్పించి నన్ను ధర్మవరంలోనే నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. తెగిన పోగు సంగతి నాకు తెలుసు. పెళ్ళయి మొదట పెనుకొండకు పోయాక, కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి, మళ్ళీ కాస్త వేడి చేయడం ఎన్నోసార్లు చూశాను. రెండోసారి ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. ఈ పిల్ల అడిగింది.

అయినా పారేయడమంటే నా మనసొప్పదు. "దీన్నీ కాల్చెయ్. కాలితే నల్లబడతాది, ఎవరికి తెలుస్తాది?" అన్నాను.

"నాకు తెలుస్తాది గదా. దెబ్బే లేని దాన్ని కాల్చి, వేడికి మానిందని రాయమంటావా? రేపు ఆ రాత నమ్మి ఎవరో అణు కేంద్రంలో ఈ లోహం వాడతారు."

ఇంత గట్టిగా నాకు ఎదురు చెప్పినవాళ్ళు మా ఇంట్లో లేరు. కోపం రావలసింది, రాలేదు.

మరునాడు పొద్దున్నే ఆమె వాళ్ళ సారుకు ఫోన్ చేసింది. "ఒక బిళ్ళ పైపొర తోముడుకు పోయింది సార్. తట్టలో వదిలింది నేనే. మూడింటితోనే చేస్తాను," అంది. ఆయన చాలాసేపు కేకలేశాడు. ఆమె చివరిదాకా విని, తోమిన బిళ్ళను కాగితంలో చుట్టి, "వాడకూడదు" అని రాసి, ఏడు గంటల బస్సెక్కింది.