సాలమ్మ ఎడమ పక్క

సాలమ్మకు మేక తలకాయలంటే ఏనాడూ అసహ్యం లేదు. ఉప్పల్‌లో నరేన్ మటన్ దుకాణం వెనక, రేకుల కింద కూర్చుని తలకాయలు, కాళ్లు కాల్చి శుభ్రం చేయడం ఆమె పని. వెంట్రుకలు కాలే కమురు వాసన, కత్తితో గీకితే రాలే నల్లటి పొట్టు, తల రెండుగా చీల్చి భేజా చెదరకుండా గిన్నెలోకి దించడం, ఇవన్నీ ఆమెకు బియ్యం కడిగినంత మామూలు. అటుగా పోయేవాళ్లు ముక్కు మూసుకుంటే లోపల్లోపల నవ్వుకునేది. ఆమెకు కడుపులో తిప్పేది మందు వాసనకే.

ఆ రోత ఆమెకు పెళ్లితో పాటు వచ్చింది. జనగామ వైపు నుంచి వచ్చి నాచారం ఫ్యాక్టరీల్లో హమాలీ పనికి కుదిరిన ఉప్పలయ్య మొదట కల్లు కాంపౌండుకు పోయేవాడు. తర్వాత వైన్స్ ముందు నిలబడి తాగడం నేర్చాడు. అతను కక్కింది కడగడం, తడిసిన బొంత ఆరేయడం, వాకిట్లో పడ్డవాణ్ని చంకల కింద చేతులేసి లోపలికి లాగడం, వీటితోనే ఆమె వయసంతా పోయింది. అతను తాగిన గ్లాసును ఆమె ముట్టదు. కూతురు దీప ఇప్పుడు సబ్బుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతోంది గానీ, చిన్నప్పుడు తండ్రి పక్కన నిద్రపోతే సాలమ్మ ఆ పిల్లను ఎత్తుకొచ్చి గోడవారన వేసుకునేది. ఆ ఊపిరి పిల్లకు తగలకూడదని.

ఆ ఆదివారం దుకాణం కిటకిటలాడుతోంది. తలకాయను ఒడిసిపట్టుకునే ఎడమ చెయ్యి ఉన్నట్టుండి మాట వినలేదు. కొమ్ము పట్టుకోబోతే వేళ్లు కొమ్ము దాటిపోయాయి. మెడ వెనక బండ పెట్టినంత బరువు, నొప్పి. రేకులు, కొక్కేలకు వేలాడే మాంసం అన్నీ ఒక పక్కకు జారిపోతున్నట్టు తోచింది.

"సేటూ, నాకు కండ్లు తిరుగుతున్నయి. ఇంటికి పోత," అంది.

ఎండదెబ్బ అనుకున్నాడు నరేన్. "పో సాలమ్మా. మిగిలినయి నేను జూసుకుంట."

మెట్రో స్తంభాల కింద బస్‌స్టాప్ దాకా ఎలాగో వచ్చింది. స్తంభం ఆనుకుందామని చెయ్యి చాపితే గాలి దొరికింది. ఎడమ పక్కకు ఒరిగి పడిపోయింది. పడీ పడగానే వాంతి. అది ఆగలేదు. చెంప, జుట్టు, రవిక అన్నీ అందులోనే. లేవబోయి చెయ్యి ఆనిస్తే చెయ్యి కూడా అందులోనే జారింది.

జనం గుండ్రంగా నిలబడ్డారు, కానీ ఎవరూ దగ్గరికి రాలేదు. ఒకామె చీర కుచ్చిళ్లు పైకెత్తుకుని దాటిపోయింది. ఒకతను ఫోన్ తీసి పట్టుకున్నాడు. "ఆడదై ఉండి పొద్దుగాల్నే ఏంది గిది," అన్నారెవరో. "నేను తాగలే" అనబోయింది సాలమ్మ. నాలుక మొద్దుబారి, మాట ముక్కలుముక్కలుగా బయటపడింది. తన నోటి నుంచి వచ్చిన ఆ చప్పుడు విని ఆమెకే ఒళ్లు జలదరించింది. అది అచ్చం మొగుడి గొంతు.

ఆమెను గుర్తుపట్టింది శివ అనే ఆటో అతను. వైన్స్ ముందున్న ఉప్పలయ్యను అతనే పిలుచుకొచ్చాడు. ఉప్పలయ్య అప్పటికే కొంత తాగి ఉన్నాడు.  పెళ్లాం మీదికి వంగి, చంకల కింద చేతులేసి లేపాడు. ఆ నోటి వాసన ఆమె ముఖం మీద పడింది. తల తిప్పుకునే శక్తి లేదు. మళ్లీ కక్కింది, అతని చొక్కా మీదే.

దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్‌హోమ్‌కు తీసుకుపోయారు. డ్యూటీలో ఉన్న డాక్టరు తలుపు దగ్గరే ఆగి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. గదిలో మందు కంపు గుప్పుమంటోంది. అది ఉప్పలయ్యది. డాక్టరుకు ఇద్దరూ ఒకటే.

"ఎంత తాగింది?"

"మా ఆమె తాగదు సారు. నేను తాగుత," అన్నాడు ఉప్పలయ్య తూలుతూ.

నర్సు నవ్వింది. సెలైన్ ఒకటి ఎక్కించి, పడుకుంటే దిగిపోతుందని చెప్పి పంపేశారు. మంచం మీద నుంచి సాలమ్మ అంతా వింటోంది. ఆ నవ్వు కూడా వింది. ఇన్నేళ్లూ ఆమె ఎవరెవరి ముందు తలెత్తుకు తిరిగిందో వాళ్లందరూ ఆ నవ్వులో ఉన్నట్టనిపించింది.

ఇంటికి తెచ్చాక మెట్ల దగ్గర ఇంటి ఓనర్ త్రిపురసుందరి ఎదురైంది. కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ టీచరు. రోజూ ఆవిడ మెట్లు ఊడ్చేది సాలమ్మే. "ఇన్నాళ్లూ తాగేది ఒక్కడే అనుకున్నాను. మెట్ల మీద మాత్రం కక్కించకండి, పూజ చేసుకునే ఇల్లు," అని ఆవిడ పక్కకు తప్పుకుంది.

మర్నాడు పొద్దునకు సాలమ్మ కళ్లు సరిగా తెరవడం లేదు. తల కదిపితే వాంతి. దీప చెంబుతో నీళ్లు పట్టుకుని ఏడుస్తోంది. వాకిట్లో కూర్చున్న ఉప్పలయ్య లోపలికి వచ్చాడు. రాత్రి నుంచి ముట్టకపోవడంతో చేతులు వణుకుతున్నాయి.

"తాగింది పొద్దటికి దిగాలె బిడ్డా. దిగలేదంటే ఇది మందు గాదు. పెద్ద దవాఖానకు తీస్కపోదాం."

పెద్దాసుపత్రి దాకా వచ్చాడు గానీ లోపలికి రాలేదు. "నా దగ్గర వాసనొస్తది. మళ్ల నన్ను జూసి అమ్మను ఎల్లగొడతరు. నువ్వు పో," అని దీపను పంపి, గేటు బయట ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. సాలమ్మ స్ట్రెచర్ మీద నుంచి అతన్ని చూసింది. ఆమెకు జాలి కలగలేదు. వాసన దూరమైనందుకు ఊపిరి ఆడింది, అంతే.

అక్కడ చూసిన డాక్టర్ పేరు ప్రశాంత్. అతను ఆమె నోటి దగ్గర మామూలుగానే వంగాడు. వేలు అటూ ఇటూ కదిలించి చూడమన్నాడు. ఆమె కళ్లు వేలి వెంట పోయి అక్కడ నిలవకుండా కొట్టుకున్నాయి. "నీ ముక్కు ముట్టుకొని నా వేలు ముట్టుకో అమ్మా," అన్నాడు. కుడి చెయ్యి తిన్నగా వచ్చింది. ఎడమ చెయ్యి వేలిని సమీపిస్తున్నకొద్దీ ఎక్కువగా ఊగి, వేలు దాటి అతని చొక్కా జేబుకు తగిలింది. మడమను రెండో కాలి మోకాలి మీద పెట్టి, కిందికి గీత గీసినట్టు జరపమన్నాడు. అక్కడా అంతే. కుడి కాలు సరిగ్గా జరిగింది. ఎడమ కాలు పడుతూ లేస్తూ పక్కకు జారిపోయింది.

దీప ముందే చెప్పేసింది. "మా అమ్మ తాగదు సార్."

"తాగినోళ్లకు రెండు పక్కలా తడబడతది. ఈమెకు ఎడమ పక్కనే," అన్నాడతను. "తల వెనక ఏదో ఐంది. స్కాన్ చేద్దాం."

సాలమ్మ కళ్ల పక్క నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఆ మాట నిన్న బస్‌స్టాప్‌లో ఎవరైనా అని ఉంటే బాగుండేది.

చిన్నమెదడు ఎడమ భాగానికి నెత్తురు అందించే నాళం మూసుకుపోయింది. అక్కడి మెదడు చచ్చి ఉబ్బుతోంది. ప్రశాంత్ దాపరికం లేకుండా చెప్పాడు. పుర్రె వెనక భాగంలో ఆ గది ఇరుకు, వాపు వస్తే పోవడానికి చోటు లేదు. ముందున్న మెదడు కాండాన్ని నొక్కితే ఊపిరి ఆగుతుంది. అదే రోజు తల వెనక ఎముక ముక్క తీసి వాపుకు చోటిచ్చారు.

బతికింది. తెలివి బాగా వచ్చాక తనకు ఏమైందో చెప్పమని దీపను అడిగింది. దీప ప్రశాంత్‌నే అడిగింది. అతను సాలమ్మ చేసే పనేమిటో దీపను అడిగి తెలుసుకుని, మంచం పక్కన కూర్చున్నాడు.

"భేజా తీసేటప్పుడు సూసే ఉంటవు గదా అమ్మా. పెద్ద ముద్ద వెనక, కింద, చారలు చారలుగా ఇంకో చిన్న ముద్ద ఉంటది."

"ఉంట-ది. కోస్తే... లోప-ల... చెట్టు కొమ్మ-లెక్క," అంది సాలమ్మ. మాట ఇప్పుడు ఒక్కొక్క అక్షరంగా, తూచి వేసినట్టు వస్తోంది.

"అదే చిన్నమెదడు. మూడు జతల కాడలతోటి మెదడు కాండానికి అతుక్కొని ఉంటది. రాకపోకలన్నీ ఆ కాడల్లకెళ్లే. చెయ్యి లేపుమని చెప్పేది పెద్ద మెదడు. ఆ మాటనే ఇంకో దారిల కాండంల వంతెన లాంటి జాగకొచ్చి, పక్క మారి దీనికి గూడ అందుతది. చెయ్యి నిజంగ ఎక్కడిదాక లేచిందో ఆ కబురు వెన్నుపాములకెళ్లి వస్తది. తల ఎటు వంగిందో చెవి లోపలికెళ్లి వస్తది. చెప్పిందానికి, జరిగినదానికి తేడా ఉంటే ఇది 'జర ఆగు, జర తగ్గు' అని పెద్ద మెదడుకు తిరిగి చెప్తది. ఇప్పుడు నీ ఎడమ చేతికి ఆ ఆపేటోడు లేడు. అందుకే దాటిపోతాంది."

"పెద్ద మెదడు దెబ్బతింటే అవతలి పక్క చెయ్యి పోతదంటరు గదా సార్?" అడిగింది దీప.

"అవు. దీని మాట పెద్ద మెదడుకు పోయేటప్పుడు ఒకసారి పక్క మారుతది. పెద్ద మెదడు మాట ఒంటికి దిగేటప్పుడు మళ్ల మారుతది. రెండుసార్లు మారితే మొదటి పక్కకే వచ్చినట్టు గదా. ఎడమ చిన్నమెదడు పోతే ఎడమ చెయ్యే, ఎడమ కాలే."

ఉప్పలయ్య తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. ఆ రోజు తాగి రాలేదు. ప్రశాంత్ అతని వైపు చూసి, మడమకు వేళ్లు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమన్నాడు. ఉప్పలయ్య కాళ్లు ఎడం పెట్టి నిలబడ్డాడు. ఒక అడుగు వేయబోయి తలుపు పట్టుకున్నాడు. "ఇయ్యాల తాగలే సారు," అన్నాడు భయంగా.

"తెలుసు. ఏండ్ల తరబడి తాగితే చిన్నమెదడు నడిమి భాగం ఎండిపోతది. నడుమును, నడకను పట్టి ఉంచేది అదే. ఇప్పుడు ఆపితే ఇంక చెడిపోకుండ ఉంటది. పోయింది మాత్రం అంతా తిరిగి రాదు."

సాలమ్మ కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లు తాను కడిగి, తుడిచి, కొంగు అడ్డం పెట్టుకుని బతికింది ఈ మనిషి తూలుడుకే. ఇప్పుడు ఇద్దరికీ పోయింది ఆ ఒక్క ముద్దే. అతను చేతులారా పోగొట్టుకున్నాడు. ఆమెది ఊరకే పోయింది. ఈ రెండూ ఒకటేలా కనిపించడం ఆమెకు ఆ వాంతి కన్నా రోతగా తోచింది.

ఇంటికి వచ్చాక, బస్‌స్టాప్‌లో తీసిన వీడియో సంగతి తెలిసింది. దీప కంపెనీలో ఎవరో చూపించారట. దాచాలని చూసినా సాలమ్మ ఫోన్ లాక్కున్నంత పని చేసింది. తనను తాను చూసుకుంది. వాంతిలో పొర్లుతున్న ఒక ఆడమనిషి. ఫోన్ పట్టుకున్నవాడి పక్క నుంచి ఒక గొంతు వినిపించింది. "పొద్దున్నే తాగేశారండీ వీళ్లు. మా ఇంట్లోనే అద్దెకుంటున్నారు, ఖర్మ." ఆ గొంతు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. మెట్ల మీద ఎదురుపడటానికి ముందే త్రిపురసుందరి అక్కడ ఉంది. చూసింది. బస్సు ఎక్కి ముందే ఇల్లు చేరింది.

రెండు రోజులకు ఆవిడే బత్తాయిల సంచీతో వాళ్ల గదికి వచ్చింది.

"పాపం, ఇంత జబ్బని ఎవరికి తెలుసు సాలమ్మా? మెట్ల దగ్గర చూసేదాకా నాకేం తెలీదు, ఆ వాసనకి పొరబడ్డాను."

సాలమ్మ గోడ పట్టుకుని లేచింది. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. "బస్-స్టాప్-ల... నీ మాట... ఇన్న."

త్రిపురసుందరి ముఖం పాలిపోయింది. "నేనొక్కదాన్నే అన్నానా? అందరూ..."

"తీస్క-పో," అంది సాలమ్మ, సంచీ వైపు చూపించి. ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. సాలమ్మ తలుపు వేయబోతే ఎడమ చెయ్యి గడియ దాటి గోడకు కొట్టుకుంది. రెండోసారి కుడి చేత్తో వేసింది. వారంలో వాళ్లు మల్లాపూర్ వైపు ఇంకో గదికి మారారు. తూలుతూ నడిచే మనిషికి మెట్లు లేకపోవడమే మేలని దీప అందరికీ చెప్పింది. అసలు కారణం అది కాదు.

ఫిజియోథెరపీలో ఆమె ఎడమ మణికట్టుకు చిన్న ఇసుక సంచీ కట్టారు. బరువు ఉంటే చెయ్యి ఊగడం తగ్గింది. గ్లాసు పెదవి దాకా వచ్చింది. కొన్ని నెలలకు నరేన్ కబురు పంపాడు. మొదటిరోజు అలవాటు కొద్దీ ఒక తలకాయ ముందు పెట్టుకుంది. కొమ్ము పట్టుకుంది గానీ, కత్తి దిగేటప్పుడు ఎడమ చెయ్యి కదిలి బొటనవేలు తెగింది. నరేన్ తలకాయను తీసుకుపోయి తానే కొట్టాడు. అప్పటినుంచి ఆమెకు కాళ్లే. ఇసుక సంచీ కట్టుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని నెమ్మదిగా గీకుతుంది. పని సగమే సాగుతుంది. దుకాణానికి వచ్చే ఆడవాళ్లలో కొందరు ఆమె మాట విని ఇప్పటికీ నరేన్‌ను గుసగుసగా అడుగుతారు, ఆమె తాగి ఉందా అని. సాలమ్మకు వినిపిస్తుంది. తలెత్తి వాళ్లను పైనుంచి కింది దాకా చూస్తుంది, ఈగలు వాలిన మాంసాన్ని చూసినట్టు. 

పని అయ్యాక ఉప్పలయ్య వచ్చి ఎడమ పక్కన నడవాలి, ఆమె ఒరిగేది అటే కాబట్టి. అతను మానలేదు, తగ్గించాడు. రాగానే ఆమె ముందు ముక్కుతో చూస్తుంది. వాసన ఉంటే, "నువ్వు పో. బిడ్డను తోలు," అంటుంది. అతను పోయి దీపను పంపుతాడు. లేనిరోజు భుజం మీద చెయ్యి వేస్తుంది. ఇద్దరూ కాళ్లు ఎడం పెట్టి, రోడ్డు అంచున, బస్‌స్టాప్ వైపు పోతారు.